సమాధానం: ఆ ట్యాబ్‌కి ఇప్పుడే సంతకం పెట్టకండి

రాజాం నుంచి రాసిన అక్కా, మీ పాప తొమ్మిదో తరగతి, ఫోన్‌లో ఇప్పటికే మూడు యాప్‌లు, ఇప్పుడు ఏజెంట్ వచ్చి ఏఐ ట్యూటర్ ఉన్న ట్యాబ్ ఈఎంఐలో తీసుకోమంటున్నాడని టెన్షన్ పడుతున్నారు కదా. ఆగండి. 'ఈరోజే ఆఖరు' అన్నాడంటే ఇంకా ఆగండి.

2012లో కోర్సెరా, ఎడ్ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్లు వచ్చినప్పుడూ ఇక కాలేజీలే అక్కర్లేదన్నారు. ఆ ఉచిత కోర్సుల్లో చాలావాటిని చేరినవాళ్లలో పదో వంతు మంది కూడా పూర్తి చేయలేదు.

శ్రీకాకుళంలో మేమూ మా బాబుకి ఇలాగే ఒకటి కొన్నాం. భిన్నాల వీడియో రెండుసార్లు చూశాడు, ఆకుపచ్చ టిక్కు పడింది. నోట్‌బుక్ ఇచ్చి 1/2కి 1/3 కలపమంటే 2/5 అని రాశాడు! ఆ రాత్రి చపాతీని ఆరు ముక్కలు చేసి, సగమంటే మూడు, మూడో వంతంటే రెండు అని చూపిస్తే అప్పుడు వెలిగింది వాడికి. పిల్లలకి వీడియోల కొరత లేదక్కా, పక్కన కూర్చుని అడిగేవాళ్లే కావాలి.

మూడు యాప్‌లలో రెండు తీసేయండి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ని ప్రభుత్వ దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే పాఠాలు ఉచితం. చూశాక పాప చేత మీకు చెప్పించుకోండి, మీకు లెక్కలు రాకపోయినా సరే.

ఫీజు ఖాతాలోంచి దానంతటదే కోసుకునే ఆటో డెబిట్ వద్దని కేంద్ర విద్యాశాఖే 2021 డిసెంబరులో తల్లిదండ్రులను హెచ్చరించింది. ఇప్పటికే అడ్వాన్స్ కట్టేసి ఉంటే, రద్దు చేయమని మెయిల్ పెట్టండి. స్పందించకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.