బొబ్బిలిలో వాడిన ఫైబర్ బాక్సు శ్రీకాకుళంలో వేరే కంపెనీ లైనుకి పనిచేస్తుందా?

రెండూ జీపాన్ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకు పంచే ఒక పద్ధతి) అయితే పనిచేయాలి, కానీ ముందు కొత్త ఆపరేటర్‌ని అడగండి. ఇంట్లో బాక్సు, ఎక్స్ఛేంజీలో యంత్రం వేర్వేరు కంపెనీలవైనా కలిసి నడవాలనే అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఈ ప్రమాణం తెచ్చింది. డౌన్‌లోడ్‌కి 1490 నానోమీటర్ల కాంతి, సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, అప్‌లోడ్‌కి 1310, అందులో సగం వేగం. ఇంతవరకు పేచీ లేదు.

తంటా అంతా బాక్సుని ఆపరేటర్ దూరం నుంచి సెట్ చేసే ఓఎంసీఐ అనే పద్ధతి దగ్గరే. దానికి జి.988 అని విడిగా ప్రమాణం ఉంది గానీ, కంపెనీలు సొంత అంశాలు చేర్చుకునే వీలూ అందులో వదిలారు. నా దృష్టిలో అసలు లొసుగు అదే. అందుకే ఒక్కోసారి లైటు వెలుగుతుంది, నెట్ రాదు. సాధారణంగా ఆపరేటర్ మీ బాక్సు సీరియల్ నంబరు ఎక్కించాలి కూడా.

జీపాన్ తర్వాత వచ్చిన, ఇంకా వేగమైన ఎక్స్‌జీఎస్-పాన్ మాత్రమే ఉన్న లైనైతే పాత బాక్సు దండగే. ఆ లైను తరంగదైర్ఘ్యాలే వేరు, 1577, 1270.