చిమ్నీలు ఎక్కే చదువు మా అమ్మాయికెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మొదటి సంవత్సరం. గాలి కాలుష్యాన్ని కొలిచే ల్యాబ్, ఫీల్డ్ పని నేర్చుకుంటానని పట్టుబడుతోంది. చిమ్నీలు ఎక్కాలట, దుమ్ములో తిరగాలట. దానికంటే ఆన్‌లైన్‌లో ఏఐ, డేటా సైన్స్ కోర్సు చేస్తే ఏసీ గదిలో ఉద్యోగం వస్తుంది కదా? ఫీజు మూడు లక్షలు, ఈ వారంలో కడితే డిస్కౌంట్ అంటున్నారు. రెండింటినీ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీ ప్రశ్నలో చిమ్నీ ఉంది, దుమ్ము ఉంది, ఏసీ గది ఉంది. అమ్మాయికి ఏది బాగా వస్తుందో ఒక్క ముక్క లేదు. ఇలా అడిగే చాలామంది తండ్రుల అసలు టెన్షన్ వేరు. రేపు సంబంధం వాళ్లు ‘అమ్మాయి ఏం చేస్తోంది’ అంటే ‘ఫ్యాక్టరీల్లో పొగ కొలుస్తుంది’ అని చెప్పడానికి మొహమాటం. మేడ మీద ఆరేసిన బట్టలకు నల్లపొడి పడుతోందని రోజూ తిట్టుకుంటాం. ఆ పొడిని కొలిచే మనిషి మాత్రం మన ఇంట్లోంచి వెళ్లకూడదంటే ఎలాగండీ?

ముందు భయం సంగతి. చిమ్నీ నుంచి పొగ శాంపిల్ తీయడానికి నిచ్చెన ఎక్కాలి, నిజమే. ఒంటరిగా పంపకూడదు. ప్లాట్‌ఫాం, రెయిలింగ్, సేఫ్టీ బెల్టు లేకపోతే ఎక్కనని చెప్పొచ్చు, చెప్పాలి కూడా. ఆ మాట అనడం మీరే అలవాటు చేయండి. పైగా ఈ రంగమంటే చిమ్నీలొక్కటే కాదు. ఏదో ఒక భవనం మేడ మీద శాంప్లర్ (గాలిని లాగి, అందులోని దుమ్మును ఫిల్టర్ మీద పట్టే యంత్రం) పెట్టి ఊరి గాలిని కొలవడం, తర్వాత ల్యాబ్‌లో కూర్చోవడం కూడా ఇందులో పెద్ద పనే.

ఆ పని ఎంత సున్నితమో చూడండి. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న దుమ్ము కణాలు. వాటిని పట్టే శాంప్లర్ నిమిషానికి 16.67 లీటర్ల గాలి లాగుతుంది, అంటే రోజంతా కలిపి 24 ఘనపు మీటర్లు. మన దేశంలో 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. గాలి సరిగ్గా ఆ పరిమితి దగ్గర ఉన్నా, 47 మిల్లీమీటర్ల ఫిల్టర్ మీద చేరే దుమ్ము ఒకటిన్నర మిల్లీగ్రాములు కూడా ఉండదు. వేలితో ముట్టుకుంటే లెక్క పోయినట్టే, ఫోర్సెప్స్‌తోనే (చిన్న పట్టుకారు) తీయాలి. శాంప్లింగ్‌కు ముందూ తర్వాతా ఒకే తేమలో, ఒకే ఉష్ణోగ్రతలో ఉంచి తూచాలి. మీకు ఏసీయే కావాలంటే, ఆ తూచే గదికి ఏసీ తప్పనిసరి!

ఇక ఆ కోర్సు. గాలి నాణ్యతకు ఏఐ అని అమ్మేవాటి మీద నాకు చాలా అనుమానాలున్నాయి. చవక సెన్సర్లు కణాల మీద పడిన కాంతి ఎంత చెదిరిందో చూసి దుమ్మును అంచనా వేస్తాయి. తేమ పెరిగితే ఆ కణాలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, సెన్సర్ అదంతా కాలుష్యమే అంటుంది. సముద్రం పక్కన ఉన్న మీ ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు. సరిచేయాలంటే పక్కన ప్రామాణిక పరికరం పెట్టి రోజుల తరబడి పోల్చాలి. ఆ పని ఎవరికి వస్తుంది? ఫిల్టర్ తూచడం వచ్చినవాళ్లకే. తప్పుడు అంకెలు పోస్తే ఎంత గొప్ప మోడలైనా తప్పే నేర్చుకుంటుంది. ఆ సిలబస్‌లో కాలిబ్రేషన్ (పరికరాన్ని ఇలా పోల్చి సరిచేయడం) మీద ఒక్క క్లాసైనా ఉందేమో వెతకండి. ఇలాంటి సర్టిఫికెట్లు పట్టుకుని నా దగ్గరకు వచ్చే పిల్లల రెజ్యూమెల్లో ప్రాజెక్టులు కూడా ఒకేలా ఉంటున్నాయి. వాళ్లలో మీ అమ్మాయి ఇంకొకతె అవుతుంది, అంతే.

జీతం సంగతి దాచను. ప్రైవేటు ల్యాబ్‌లో మొదటి రెండు మూడేళ్లు తక్కువే, సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకుంటే మనసు కష్టపడుతుంది. కానీ చేతిలో పని ఉన్నవాళ్లకు దారులున్నాయి: కాలుష్య నియంత్రణ మండలి, హైదరాబాద్‌లో ఈపీటీఆర్‌ఐ (పర్యావరణ శిక్షణ, పరిశోధన సంస్థ), నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) కేంద్రం, పరవాడ వైపు ఫార్మా కంపెనీల్లో పర్యావరణం, ఆరోగ్యం, భద్రత చూసే ఈహెచ్‌ఎస్ విభాగాలు, పర్యావరణ అనుమతుల కన్సల్టెన్సీలు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో విశాఖతో కలిపి ఏపీ నగరాలే 13 ఉన్నాయి. అన్నిచోట్లా కొలిచేవాళ్లు కావాలి.

వేసవిలో ఇంటర్న్‌షిప్‌కు పంపండి. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల సామర్థ్యాన్ని పరిశీలించి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందంటే సరిపోదు. ఏయే పరీక్షలకు ఆ గుర్తింపు ఉందో చెప్పే స్కోప్ కాగితంలో పరిసర గాలి, చిమ్నీ ఉద్గారాలు రెండూ ఉన్నాయో లేదో అమ్మాయినే చదవమనండి. నైట్రోజన్ డయాక్సైడ్ పరీక్షకు వాడే సోడియం ఆర్సెనైట్ విషం, అది మిగిలితే ఏం చేస్తారో అడగమనండి. సింకులో పోస్తామంటే అక్కడ చేర్చొద్దు. ఫీల్డ్‌కు వెళ్లకుండా టేబుల్ దగ్గరే రీడింగులు రాసేసే చోట్లు కూడా ఉన్నాయి, అలాంటి చోట ఒక్క రోజు కూడా ఉంచకండి.

రెండో ఏడాదిలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి, తను కొలిచిన అంకెల మీదే. దానికి మూడు లక్షలు అక్కర్లేదు, ఉచిత పాఠాలు చాలు. డిస్కౌంటంటారా, వచ్చే వారం కూడా ఉంటుంది లెండి.