పేరు కొడితే మందు ఏ ర్యాకులో ఉందో చూపాలంటే గూగుల్ షీట్ చాలు

అన్నా, మీ ప్రశ్న ఇదే గద: నర్సంపేటలో విత్తనాలు, పురుగుమందుల షాపు, ఐటమ్స్ వెయ్యి దాటినయి, కౌంటర్ల కొత్తగా చేరిన పిల్లగాడు పేరు కొట్టంగనే ర్యాకు, రేటు కనపడే చిన్న సాఫ్ట్‌వేర్ ఉందా అని. పరకాల దిక్కు మాదీ అదే లైను. మేం గూగుల్ షీట్‌తోనే నడిపిస్తున్నం. పైసలు పెట్టి ఏదీ కొనకండి.

బిల్లింగ్ ట్యాలీలో ఉంటే ఐటమ్ లిస్టును ఎక్సెల్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి షీట్‌లో తెరవండి, మళ్లీ టైపు కొట్టే బాధ తప్పుతది. బ్రాండు, టెక్నికల్ పేరు (మందులో ఉండే అసలు రసాయనం పేరు), సైజు, ర్యాకు, రేటు, ఎక్స్‌పైరీ, ఇవి ఎట్లాగూ ఉంటయి. అసలు కష్టపడాల్సింది ఇంకో కాలమ్ మీద. మేం దానికి ‘పిలిచే పేర్లు’ అని పెట్టినం.

రైతు వచ్చి ‘ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ ఇయ్యి’ అనడు. కాన్ఫిడార్ అంటడు, అది యాదికి రాకుంటే ‘పేనుబంక మందు’ అంటడు. మాంకోజెబ్ అంటే ఎవరికీ తెల్వది, ఎం-45 అంటే అందరికీ తెలుసు. ఎమామెక్టిన్ కోసం వచ్చినాయన ప్రొక్లెయిమ్ అనొచ్చు, ఉత్తగ ‘పురుగు మందు, చిన్న డబ్బా’ అనొచ్చు. ఇవన్నీ కామాలు పెట్టుకుంట ఆ ఒక్క సెల్‌ల నింపాలి, తెలుగులో, ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా. తప్పు స్పెల్లింగులు సైతం రాయండి, అక్షరం కలవకుంటే షీట్ ఏమీ చూపించదు. సీజన్ల కౌంటర్ మీద నోట్‌బుక్ పెట్టి, దొరకని పేరు వచ్చినప్పుడల్లా రాసిపెట్టమనండి. షట్టర్ దించేముందు ఎక్కించొచ్చు.

వెతకడానికి వేరే ట్యాబ్ తీసుకోండి. పైన పేరు కొట్టడానికి ఒక సెల్ ఖాళీగా వదిలి, కింద ఫిల్టర్ (FILTER, కలిసిన వరుసలే చూపేది) ఫార్ములా, దాని లోపల సెర్చ్ (SEARCH, సెల్‌ల ఆ అక్షరాలు ఉన్నయా అని వెతికేది) ఫార్ములా. బ్రాండు, టెక్నికల్, పిలిచే పేర్లు మూడింటినీ కలిపి వెతకమనాలి. ‘ఇమిడా’ అని సగం కొట్టినా ఆ వరుసలన్నీ వస్తయి. సెర్చ్ బదులు ఫైండ్ (FIND) పెట్టకండి, అది ఇంగ్లిష్ పెద్దక్షరం చిన్నక్షరం తేడా పడుతది. ఎక్సెల్‌లోనే కావాలంటే ఫిల్టర్ ఫార్ములా 2021లో గానీ 365లో గానీ ఉంటది, 2019లో లేదు. ఎక్సెల్‌ల సెర్చ్ చుట్టూ ఈజ్‌నంబర్ (ISNUMBER) ఫార్ములా కూడా పెట్టాలె.

షీట్ షేర్ చేసేటప్పుడు పిల్లగానికి వ్యూయర్‌గా (చూసుడు మాత్రమే) ఇస్తే వెతికే సెల్‌ల కూడా టైపు కొట్టలేడు. ఎడిటర్ ఇచ్చి, మందుల లిస్టున్న ట్యాబ్‌ను వేరేవాళ్లు మార్చకుండ ప్రొటెక్ట్ చేయండి. ఇద్దరు ఒకేసారి వెతుకుతుంటే ఒకరు కొట్టింది ఇంకొకరిది చెరిపేస్తది, అందుకే మనిషికో ట్యాబ్.

ఫోన్ల వాడేది ఎక్కువైతే యాప్‌షీట్ చూడండి. గూగుల్ 2020లో కొన్నది, ఇదే షీట్‌ను యాప్ లెక్క చూపిస్తది. ఎయిర్‌టేబుల్ అని షీట్ లాంటిదే ఇంకో ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ సోకుగా ఉంటది గని ఉచిత ప్లాన్‌ల ఒక బేస్‌కు (అంటే ఒక ఫైలుకు) 1,000 రికార్డులే, మీకు సాలదు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ జోలికి పోకండి, ఫోన్ల నడవదు.

తెగులు పేరు కొట్టి, మొదట వచ్చిన మందు రైతుకు అంటగట్టొద్దని మాత్రం పిల్లగానికి గట్టిగ చెప్పండి. స్టాక్ రిజిస్టర్ కూడా దీంట్ల కలపకండి. అది లైసెన్సు లెక్క, వ్యవసాయాధికారి తనిఖీకి వస్తే అడిగేది అదే.