అరుదైన జబ్బుల పరిశోధనలో నర్సుకు చోటుందా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. సర్జికల్ వార్డులో డ్యూటీ పడ్డప్పటి నుంచి ఆపరేషన్ తర్వాతి కాంప్లికేషన్ల మీద, అరుదైన జబ్బుల మీద ఆసక్తి పెరిగింది. క్లినికల్ రీసెర్చ్‌లోకి, అంటే రోగులతో చేసే వైద్య పరిశోధనలోకి వెళ్దామంటే, అది డాక్టర్ల పని అంటున్నారు ఇంట్లో. వెళ్లొచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లొచ్చు. మీరు అడిగిన రెండూ కలిసిన కథ ఒకటి చెప్తాను. 1960లో మెల్‌బోర్న్‌లో కాలు విరిగి ఆసుపత్రికి వచ్చిన ఒక యువకుడు ఆపరేషన్ కంటే మత్తుమందుకే ఎక్కువ భయపడ్డాడు. తన బంధువుల్లో పది మంది మత్తు ఇచ్చాక చనిపోయారని చెప్పాడు. డాక్టర్ మైఖేల్ డెన్‌బరో ఆ మాటను కొట్టిపారేయకుండా కుటుంబ వివరాలన్నీ సేకరించి, సహచరుడితో కలిసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఈరోజు మనం మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా అంటున్న వంశపారంపర్య సమస్య అలా వెలుగులోకి వచ్చింది. కొన్ని మత్తుమందులు పడగానే కండరాలు బిగుసుకుపోయి ఒళ్లు కాలిపోతుంది. దానికి వాడే డాంట్రోలిన్‌ను సగం మందికి ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా పోల్చి చూడటం కుదరలేదు. కేసులు అంత తక్కువ, ప్రాణాపాయం అంత ఎక్కువ. చాలా ఆసుపత్రులు మందును సిద్ధంగా ఉంచుకుని, కేసు వచ్చినప్పుడు ఇచ్చి, ఏం జరిగిందో రాసి పంపాయి.

ఆ రాతలోనే మీ పని ఉంది. రోగులు వేలల్లో ఉంటే ఒక చార్ట్ సరిగ్గా లేకపోయినా నెట్టుకురావచ్చు. ఇరవై మందే ఉంటే కుదరదు. ‘జ్వరం వచ్చింది’ అని వదిలేస్తే లాభం లేదు. ఎన్నో రోజున, ఎంత, ఏ మందుతో, ఎన్ని గంటలకు తగ్గింది, ఇవన్నీ కావాలి.

కాంప్లికేషన్ ఎంత తీవ్రమైనదో కొలిచే 2004 నాటి క్లావియన్-డిండో గ్రేడింగ్ నేర్చుకోండి. గాయంలో చీము పడితే బెడ్ దగ్గరే కుట్టు విప్పి శుభ్రం చేస్తే సరిపోయిందా, ఒకటో గ్రేడ్. రక్తం ఎక్కించాల్సి వస్తే రెండు. మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్తే మూడు. ప్రాణాపాయంతో ఐసీయూలో పెడితే నాలుగు, మరణం ఐదు. ఏ గ్రేడో తేల్చేటప్పుడు ముందుగా తిరగేసేది నర్సు రాసిన నోట్సే.

మొదటి ఉద్యోగం క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా రావచ్చు. రోజులో ఎక్కువ భాగం ఫారాలు, ఫోన్లు, ఫాలోఅప్‌లతోనే గడుస్తుంది. అన్నిటికంటే బరువైన పని పరిశోధనలో చేరడానికి రోగి సమ్మతి తీసుకోవడం. ‘మా పాపకి నిజంగా మందు ఇస్తారా, ఇవ్వరా?’ అని తల్లి అడిగితే, ఆశ పెంచకుండా, భయపెట్టకుండా, నిజం చెప్పాలి. అది చేయగలనో లేదో మీరే ఆలోచించుకోండి. ఇంట్లోవాళ్ల అభ్యంతరం కంటే ఈ ప్రశ్నే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది.

చదువు సంగతికొస్తే, గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ (రోగులతో పరిశోధన ఎలా నడపాలో చెప్పే నియమాలు) శిక్షణ తప్పనిసరి. స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్ ఉన్నా ఇప్పుడే మొదలుపెట్టండి. ఉద్యోగం గ్యారంటీ అంటూ పెద్ద ఫీజు అడిగే షార్ట్ కోర్సుల జోలికి పోకండి. వార్డులో అరుదైన కేసు కనిపిస్తే, రోగి అనుమతితో కేస్ రిపోర్ట్ రాద్దామని డాక్టర్‌ని అడగండి. అలాంటి రిపోర్టులో ఏమేం రాయాలో చెప్పే, 2013లో వచ్చిన కేర్ మార్గదర్శకాలు ఉన్నాయి. పీజీ సంగతి తర్వాత చూసుకోవచ్చు. పరీక్షలు అయిపోగానే, మీ ఆసుపత్రిలో స్టడీ ఏదైనా నడుస్తుంటే సమ్మతి పత్రం నమూనా ఒకటి అడిగి తెచ్చుకుని, ఇంట్లోవాళ్లకి సొంత మాటల్లో వివరించి చూడండి.