లేక్ ఒడ్డున డెక్ పెంచాలంటే: వేరియన్స్ అడిగేముందు

ప్రశ్న: మినెసోటాలో లేక్ ఒడ్డున ఒక పాత ఇల్లు కొన్నాం. వెనక డెక్ మరీ ఇరుకు. వచ్చే వేసవికి అమ్మానాన్నలు వస్తున్నారు, ఈలోగా లేక్ వైపు ఓ పన్నెండు అడుగులు పెంచుదామంటే కౌంటీ ఆఫీసులో వేరియన్స్ (రూల్ నుంచి ప్రత్యేక మినహాయింపు) కావాలన్నారు. అప్లికేషన్‌లో ఏం రాస్తే ఇస్తారు?

జవాబు: అమ్మానాన్నల కోసం అన్నారు, ఆ ఆరాటం నాకు తెలుసు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఇక్కడ బయట హాయిగా కూర్చోగలిగేది ఏడాదిలో నాలుగైదు నెలలే. ఆ నెలల్లో డెక్కే వాళ్ళకి వీధి అరుగు. అయినా ఆ కారణాన్ని నమ్ముకుని అప్లికేషన్ రాయకండి. వేరియన్స్ ఇవ్వాలా వద్దా తేల్చే కౌంటీ బోర్డు చూసేది మీ కుటుంబ అవసరాన్ని కాదు, మీ స్థలాన్ని. వేరియన్స్ వస్తే అది స్థలాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. రేపు మీరు ఇల్లు అమ్మేసినా కొన్నవాళ్ళకి వర్తిస్తుంది. మీరు రాసే ప్రతి వాక్యం నేల గురించి, ఒడ్డు గురించి, ఇల్లు కట్టిన చోటు గురించి ఉండాలి.

అంతకంటే ముందు, మీకు అసలు వేరియన్స్ అవసరమా అన్నది తేల్చుకోండి. ఎక్కడ ఏం కట్టొచ్చో చూసే జోనింగ్ ఆఫీసుకి వెళ్ళి మూడు సంగతులు అడగండి: మీ లేక్ ఏ తరగతిది, ఇంటికి సీవర్ కనెక్షన్ ఉందా లేక సెప్టిక్ ట్యాంకా, ఆర్డినరీ హై వాటర్ లెవెల్ (నీరు చాలాకాలం నిలిచి ఒడ్డున ఆనవాలు వదిలిన ఎత్తైన మట్టం) గీత ఎక్కడ పడుతుంది. దూరాలన్నీ ఆ గీత నుంచే కొలుస్తారు, ఇవాళ నీళ్ళున్న చోటు నుంచి కాదు. హైదరాబాద్‌లో చెరువు పక్కన స్థలం చూసినవాళ్ళకి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి గీత), దాని పక్కన కట్టడాలు కూడని బఫర్ జోన్ అంటే తెలుసు కదా, ఆలోచన దాదాపు అలాంటిదే. రాష్ట్ర నిబంధనల ప్రకారం నేచురల్ ఎన్విరాన్‌మెంట్ తరగతి లేక్ అయితే ఇల్లు 150 అడుగుల దూరంలో ఉండాలి. రిక్రియేషనల్ డెవలప్‌మెంట్ అయితే సెప్టిక్ ఉన్న ఇంటికి 100, సీవర్ ఉంటే 75. జనరల్ డెవలప్‌మెంట్ అయితే సెప్టిక్‌కి 75, సీవర్‌కి 50. ఇవి కనీస దూరాలు. మీ కౌంటీ ఇంకా గట్టి రూల్ పెట్టుకుని ఉండొచ్చు.

చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. మినెసోటా శాసనసభ 1969లో షోర్‌ల్యాండ్ చట్టం (నీటి ఒడ్డు స్థలాల వాడకం మీద) చేసింది. పైన చెప్పిన కనీస దూరాలు (సెట్‌బ్యాక్‌లు) రాకముందే కట్టిన ఇళ్ళు లేక్‌ల చుట్టూ చాలా ఉన్నాయి, మీ పాత ఇల్లూ వాటిలో ఒకటి కావచ్చు. అలాంటి ఇంటికి డెక్ కట్టడానికి వేరే అనువైన చోటు లేకపోతే, వేరియన్స్ లేకుండానే లేక్ వైపు కొంత ముందుకు రానివ్వొచ్చని రాష్ట్ర నిబంధనల్లో ఉంది. ఎంత అంటే, ఇల్లు ఇప్పుడున్న దూరంలో 15 శాతం దాకా. అదీ నీటి గీతకి 30 అడుగుల కంటే దగ్గరికి రాకూడదు. ఈ రెంటిలో ఏది కఠినమైతే అదే లెక్క. మీ ఇల్లు 60 అడుగుల దూరంలో ఉందనుకోండి, 9 అడుగులు రావచ్చు. 34 అడుగుల్లోనే ఉంటే 4 అడుగులతో సరిపెట్టుకోవాలి. డెక్ ప్రధానంగా చెక్కదై ఉండాలి, పైన కప్పు గానీ చుట్టూ దోమల మెష్ గానీ ఉండకూడదు. ఈ వెసులుబాటు మీ కౌంటీలో అమల్లో ఉందో లేదో అడగండి. ఉంటే మీ పన్నెండు అడుగుల్ని ఆ లెక్కకి తగ్గించుకుని హియరింగ్ (బోర్డు ముందు జరిగే బహిరంగ విచారణ) టెన్షన్ లేకుండా బయటపడొచ్చు. నన్నడిగితే అదే మంచి దారి.

తప్పదు, వేరియన్సే కావాలంటే, చట్టం అడిగేది "ప్రాక్టికల్ డిఫికల్టీస్" ఉన్నాయా అని. ఇది 2011లో వచ్చిన మార్పు. అంతకుముందు ఏడాది మినెటొంకాలో గరాజ్ పైన గది వేసుకోవడానికి నగరం ఇచ్చిన వేరియన్స్‌ని పక్కింటివాళ్ళు కోర్టుకి లాగితే, కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అప్పటి చట్టంలోని మాటల ప్రకారం వేరియన్స్ దాదాపు ఎవరికీ దొరకనంత కఠినంగా తీర్పు వచ్చింది. దాంతో శాసనసభ చట్టాన్ని కాస్త సడలించింది. ఇప్పుడు మీరు చూపించాల్సినవి ఇవి: అడుగుతున్నది సబబైన వాడకమే, ఇబ్బంది మీ స్థలానికే ప్రత్యేకమైనది, అది మీరు తెచ్చిపెట్టుకున్నది కాదు, కట్టాక ఆ చుట్టుపక్కల తీరు మారిపోదు. డబ్బు ఖర్చు ఒక్కటే కారణంగా చెల్లదు. అంటే "పక్కవైపు కడితే ఖర్చు ఎక్కువ" అన్నది బలమైన మాట కాదు. "పక్కవైపు సెప్టిక్ డ్రెయిన్‌ఫీల్డ్ (ట్యాంకు నీరు నేలలోకి ఇంకే చోటు) ఉంది, రెండోవైపు నిటారు వాలు, ఇదిగో సర్వే" అన్నది బలమైన మాట.

సర్వే దగ్గర పిసినారితనం వద్దు. లైసెన్స్ ఉన్న సర్వేయర్ చేత గీయించండి. స్థలంలో నీరు ఇంకని భాగం ఎంతో కూడా అందులో తేలుతుంది. రాష్ట్ర పరిమితి 25 శాతం. కప్పు, డ్రైవ్‌వే, గట్టి నడకదారి అన్నీ దాని కిందికే వస్తాయి. పలకల మధ్య సందులున్న డెక్‌ని కొన్నిచోట్ల లెక్కలో వేస్తారు, కొన్నిచోట్ల వేయరు. ఈ పట్టింపంతా ఎందుకంటే, కప్పుల మీద, సిమెంటు మీద పడ్డ వాన ఇంకకుండా నేరుగా లేక్‌లోకి పోతుంది. తనతోపాటు ఫాస్ఫరస్‌ని మోసుకెళ్తుంది, ఆగస్టు వచ్చేసరికి నీళ్ళు పచ్చగా పాచి పట్టిపోతాయి. మనం ముచ్చటపడి కొన్నది ఆ నీళ్ళనే కదా. అందుకే అప్లికేషన్‌లోనే మీరుగా ముందుకొచ్చి, ఒడ్డు పొడవునా లాన్ తీసేసి స్థానిక మొక్కలు వేస్తామనో, వాడకంలో లేని సిమెంటు గచ్చు తవ్వేస్తామనో రాయండి. బోర్డులు ఎలాగూ ఇలాంటి షరతులే పెడతాయి.

పొరుగువాళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. కౌంటీ పరిధిలో వేరియన్స్ హియరింగ్ అంటే 500 అడుగుల లోపున్న యజమానులందరికీ నోటీసు వెళ్తుంది, డి.ఎన్.ఆర్.కి (రాష్ట్ర సహజ వనరుల శాఖకి) కూడా పంపుతారు. ఆ కవరు వాళ్ళ చేతికి అందకముందే మీరు వెళ్ళి కలవండి. డెక్ మూలలు వచ్చే చోట నాలుగు కర్రలు పాతి, ఆరెంజ్ రిబ్బన్ కట్టండి. పక్కింటివాళ్ళ కిచెన్ కిటికీ దగ్గర నిలబడి చూడండి, ఆ రిబ్బన్లు వాళ్ళకి నీళ్ళని అడ్డుకుంటున్నాయా? అడ్డుకుంటే డిజైన్ అక్కడే మార్చండి. మన వాళ్ళు మొహమాటపడి ఈ పని వదిలేస్తారు, తీరా హియరింగ్‌లో అభ్యంతరం వచ్చాక బాధపడతారు.

ముందు కట్టేసి తర్వాత అడగొచ్చులే అని ఏ కాంట్రాక్టరైనా చెబితే వినకండి. కట్టింది పీకేయమని ఆర్డర్ రావచ్చు, అప్పటికే ఖర్చు పెట్టేశామన్న వాదన మీకు సాయపడదు.

పూర్తి అప్లికేషన్ అందాక 60 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. అవసరమైతే రాతపూర్వకంగా తెలిపి ఇంకో 60 రోజులు తీసుకోవచ్చు. కౌంటీ బోర్డు కాదంటే, నోటీసు అందిన 30 రోజుల్లో డిస్ట్రిక్ట్ కోర్టుకి వెళ్ళొచ్చు, కానీ దానికంటే చిన్న డెక్‌తో మళ్ళీ అడగడమే చాలామందికి నయం. అవునంటే బిల్డింగ్ పర్మిట్ విడిగా తీసుకోవాలి. హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే వాళ్ళ అనుమతీ వేరే. తవ్వేముందు, నేల కింద పైపులు, కేబుళ్ళు ఎక్కడున్నాయో గుర్తుపెట్టించుకోవడానికి 811కి ఫోన్ చేయండి. డెక్ స్తంభాల ఫుటింగ్ (పునాది) గుంతలు దక్షిణ మినెసోటాలో 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాల లోతు ఉండాలి, కాంక్రీట్ పోయకముందే ఇన్‌స్పెక్టర్ వాటిని చూడాలి. నేల గడ్డకట్టాక తవ్వడం కష్టం, కాబట్టి వచ్చే వేసవికి డెక్ కావాలంటే సర్వేయర్‌కి ఈ వారమే ఫోన్ చేయండి.