మూత గట్టిగా పెట్టినా పెసలకు పురుగు ఎక్కడి నుంచి వస్తోంది?

గాలి చొరబడని డబ్బాలో పోసినా నెల తిరక్కుండా పెసలు పుచ్చిపోతున్నాయని రాశారు. డబ్బా తప్పేం లేదండీ, పురుగు గింజలతో పాటే మీ ఇంటికి వచ్చింది. పెసలు, మినుములు, అలసందలకు పట్టే పెంకు పురుగు చేలో కాయ ఎండేటప్పుడే గుడ్లు పెట్టడం మొదలెడుతుంది, మిగతా పని గోదాముల్లో కానిస్తుంది.

ఈసారి కొన్నాక గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని వెలుతురులో చూడండి. పొట్టు మీద సూదిమొనంత తెల్ల చుక్కలు అతుక్కుని ఉంటే అవే గుడ్లు, చేత్తో దులిపితే రాలవు. పిల్ల పురుగు అక్కడి నుంచే గింజలోకి తొలుచుకుపోయి లోపలి పప్పు తిని పెరిగి, చివరికి పంచింగ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రంగా కన్నం చేసుకుని బయటికొస్తుంది. మనకు కనపడేది అప్పుడే. రెక్కలొచ్చాక దానికి తిండితో పెద్దగా పని లేదు, కొద్ది రోజులే బతుకుతుంది, ఆలోపే మళ్లీ బోలెడు గుడ్లు. అందుకే ఎంత చెరిగినా, ఏరినా మళ్లీ పుట్టుకొస్తాయి.

నేనైతే తెచ్చిన రోజే అరకిలో కవర్లలో కట్టి ఫ్రీజర్‌లో వారం ఉంచుతాను. తీశాక కవరు వెంటనే విప్పకూడదు, చల్లదనం పోయేదాకా ఆగకపోతే గింజ చెమ్మగిల్లుతుంది. ఊరి నుంచి బస్తాల్లెక్కన వస్తే మాత్రం మా అత్తగారి పద్ధతే, బాగా ఎండబెట్టి కిలోకు చెంచాడు ఆముదం పట్టిస్తారు. నూనె పొరకు గుడ్లు ఊపిరాడక చస్తాయి. వండేముందు కడుక్కుంటే సరి.

బియ్యం సంగతి వేరు. ముక్కు పురుగు (తెలంగాణలో లక్క పురుగు అంటారు) గింజకు కన్నం పెట్టి లోపల గుడ్డు పెట్టి పైన మూసేస్తుంది, కాబట్టి చుక్కలేమీ కనపడవు. అలాగని మండుటెండలో పోయకండి, బియ్యం పగిలి అన్నం నూకన్నమవుతుంది. నీడలో పలచగా ఆరబోస్తే పెద్ద పురుగులు వాటంతటవే నడిచిపోతాయి, లోపలున్నవాటికి మళ్లీ ఫ్రీజరే.

ఎండుమిర్చి వేస్తే పోతాయంటారు గానీ నాకు నమ్మకం లేదు. సిగరెట్ బీటిల్ అనే చిన్న గోధుమరంగు పురుగు ఎండుమిర్చినీ పసుపునీ ధనియాలనీ కూడా తినేస్తుంది! ధాన్యం గోదాముల్లో వాడే మాత్రలు మాత్రం ఎవరిచ్చినా ఇంట్లో పెట్టకండి, వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాస్ మనుషుల ప్రాణాలే తీస్తుంది.

ఇప్పుడు మీ దగ్గరున్న పెసలను నీళ్లలో పోసి చూడండి. పుచ్చువి చాలావరకు తేలతాయి, తీసేయండి. సగానికి సగం తేలితే మొత్తం పారబోయడమే మేలు.