టెక్ సందేహాలు: మూడు వేల నీటి అణువులు నిజంగా పొర దాటాయా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఆక్వాపోరిన్-1 అనే ప్రొటీన్ సిమ్యులేషన్‌ను (అణువుల కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టడం) గ్రోమాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో 20 నానోసెకన్లు (సెకనులో వంద కోట్లో వంతు ఒక నానోసెకను) నడిపాను. ఎన్ని నీటి అణువులు పొర దాటాయో లెక్కపెట్టడానికి పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాసుకుంటే మూడు వేలకు పైగా వచ్చింది. అణువులను బొమ్మగా చూపే వీఎండీ సాఫ్ట్‌వేర్‌లో వీడియో చూస్తే మాత్రం రంధ్రాల్లో అంత రద్దీ కనిపించడం లేదు. వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది. ఏది నమ్మాలి?
– ఒక విద్యార్థిని, గుంటూరు

వీడియోనే నమ్మండి. అంకె వచ్చింది కదా అని ఊరుకోకుండా కళ్లతో చూశారు చూడండి, ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన అలవాటు అదే.

ఆక్వాపోరిన్ పేరు వినని పాఠకులకు ఒక మాట. కణం పొరలో నీటికి దారి ఇచ్చే ప్రొటీన్ ఇది. మన ఎర్ర రక్తకణాల్లో, మూత్రపిండాల్లో బాగా ఉంటుంది. 1992లో పీటర్ ఆగ్రె బృందం ఈ ప్రొటీన్‌ను కప్ప అండాల్లో తయారయ్యేలా చేసి, వాటిని పలచని ద్రావణంలో వేసింది. అండాలు ఉబ్బి పగిలిపోయాయి. ప్రొటీన్ లేని అండాలు అలాగే ఉన్నాయి. ఆగ్రెకు 2003లో నోబెల్ తెచ్చిన పని ఇది.

ఇక మీ లెక్క. ప్రయోగాల ప్రకారం ఒక్కో ఆక్వాపోరిన్ రంధ్రం గుండా సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు వెళ్తాయి. అంటే నానోసెకనుకు మూడు. ఈ ప్రొటీన్ నాలుగు ముక్కల గుత్తిగా ఉంటుంది, ఒక్కో ముక్కకు తన రంధ్రం తనకే. నాలుగూ కలిపి 20 నానోసెకన్లకు 240. కాబట్టి మూడు వేలు రావడం కుదరని పని. సిమ్యులేషన్లలో వాడే టిప్3పీ అనే నీటి మోడల్ వాడి ఉంటే అందులో నీరు అసలు నీటికన్నా రెట్టింపు వేగంగా కదులుతుంది, నిజమే. అయినా ఇంత తేడా రాదు.

మరి మిగతా అణువులు ఎక్కడివి? సిమ్యులేషన్ పెట్టెకు నిజమైన గోడలు ఉండవు. అడుగు నుంచి బయటికి పోయిన అణువు ఆ క్షణమే పైనుంచి లోపలికి వస్తుంది. మొదట పొర కింద ఉండి చివరికి పైన కనిపించిన ప్రతి అణువునూ మీ స్క్రిప్టు ‘దాటింది’ అని రాసుకుని ఉంటుంది. అవి రంధ్రం మొహమే చూడలేదు, పెట్టె అడుగు నుంచి చుట్టి వచ్చాయి.

స్క్రిప్టును ఇలా మార్చండి. అణువు ఒక మూతిలో దూరాలి, రంధ్రం నడుమ భాగంలో కనిపించాలి, రెండో మూతి నుంచి బయటపడాలి. మూడూ వరసగా జరిగితేనే ఒకటి వేసుకోండి. పైకి వెళ్లినవి, కిందికి వెళ్లినవి విడివిడిగా రాయండి. రెండు వైపులా ఒకే ద్రావణం ఉంటే ఈ రెండు అంకెలూ దాదాపు సమానంగా రావాలి. బాగా తేడా వస్తే ఇంకా తప్పు ఉన్నట్టే. ఇంకొకటి, నాలుగు ముక్కల మధ్యలో కనిపించే పెద్ద సందు నీటి దారి కాదు. కొత్తవాళ్లు చాలామంది దాన్నే ఛానెల్ అనుకుంటారు.

గైడ్‌కి చూపించడానికి వేల అణువులు అక్కర్లేదు. పూర్తిగా దాటిన ఒక్క అణువును ఎంచుకుని, దానికి వేరే రంగు వేసి నెమ్మదిగా నడపండి. పైనుంచి వచ్చేటప్పుడు ఆక్సిజన్‌ను ముందు పెట్టుకుని దిగుతుంది. నడుమ ఉన్న రెండు ఆస్పరజిన్ల (ప్రొటీన్‌లోని ఒక రకం అమైనో ఆమ్లాలు) దగ్గర పల్టీ కొట్టి, అక్కడి నుంచి హైడ్రోజన్లు ముందుగా దిగిపోతుంది. 2001లో జర్మనీలోని గోటింగెన్‌లో శాస్త్రవేత్తలు డి గ్రూట్, గ్రుబ్‌ముల్లర్, 2002లో అమెరికాలోని ఇలినాయ్‌లో షుల్టెన్ బృందం సిమ్యులేషన్‌లో గమనించినది ఈ కదలికనే. అది మీ సొంత ఫైల్లో కనిపిస్తే కలిగే సంతోషం వేరు. అయితే ‘ఈ పల్టీ వల్లే ప్రోటాన్లు (హైడ్రోజన్ అయాన్లు) దాటలేవు’ అని రిపోర్టులో ఖరారుగా రాయకండి. మొదట అలాగే అనుకున్నారు. తర్వాతి లెక్కల్లో రంధ్రంలోని విద్యుత్ ప్రభావమే అసలు అడ్డు అని తేలింది.

వీఎండీలో ప్రొటీన్ మీద పొడవాటి గీతలు అడ్డదిడ్డంగా వస్తున్నాయి. ఫైలు పాడైందా?
– ఒక పాఠకుడు, వరంగల్

పాడవలేదు. పైన చెప్పిన చుట్టి రావడమే ఇక్కడా జరుగుతోంది. ఒకే అణువులో సగం ఈ చివర, సగం ఆ చివర ఉంటే మధ్య బంధాన్ని వీఎండీ గీతగా గీస్తుంది. గ్రోమాక్స్‌లోని ట్రజ్‌కాన్వ్ అనే ఆదేశాన్ని ‘పీబీసీ మోల్’ ఆప్షన్‌తో నడిపితే పోతాయి.

మా అమ్మాయి ఇలాంటి సిమ్యులేషన్లే రాత్రంతా ల్యాప్‌టాప్‌లో నడుపుతోంది. ముట్టుకుంటే కాలుతోంది. పైగా మాకు కరెంటు కోతలు. ల్యాప్‌టాప్ పాడైపోదా? పని మొత్తం పోదా?
– ఒక తండ్రి, కర్నూలు

మీ భయం నాకు అర్థమవుతుంది, కానీ అమ్మాయిని ఆపకండి. ఒక్కో లెక్క 2 ఫెమ్టోసెకన్ల (నానోసెకనులో పది లక్షలో వంతు ఒక ఫెమ్టోసెకను) కదలికను మాత్రమే చూపిస్తుంది. ఒక నానోసెకను పూర్తవ్వాలంటే 5 లక్షల సార్లు లెక్కించాలి, 100 నానోసెకన్లకు 5 కోట్ల సార్లు. అందుకే రాత్రులు పడుతుంది. వేడి మరీ పెరిగితే ల్యాప్‌టాప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పరుపు మీద మాత్రం పెట్టనివ్వకండి. గాలి ఆడేలా గట్టి బల్ల మీద ఉంచండి, ఫ్యాను రంధ్రాల్లో దుమ్ము తీయించండి. మూత వేసినా స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చుకోమనండి.

కరెంటు పోయినా పని మొత్తం పోదు. గ్రోమాక్స్ మామూలుగా ప్రతి 15 నిమిషాలకు, అప్పటిదాకా జరిగిన పనిని దాచుకునే చెక్‌పాయింట్ ఫైలు రాసుకుంటుంది. సిమ్యులేషన్‌ను నడిపే ఎండీరన్ ఆదేశాన్ని ‘సీపీఐ’ ఆప్షన్‌తో ఆ ఫైలు పేరు ఇచ్చి నడిపితే అక్కడి నుంచే కొనసాగుతుంది. ఇక ఎన్ని రాత్రులు పడుతుందో ముందే తెలుసుకోవచ్చు. పది నిమిషాల చిన్న రన్ పూర్తయ్యాక లాగ్ ఫైలు చివర రోజుకు ఎన్ని నానోసెకన్లు వస్తాయో ఉంటుంది. కావలసిన మొత్తం నానోసెకన్లను ఆ అంకెతో భాగించి చూసుకోమని చెప్పండి.